కాలేజ్ ఫుట్‌బాల్ "50-50 బ్యాలెన్స్" కోర్సు కొనకండి, కొనేవాళ్ళకి చెప్పండి

అమెరికాలో కాలేజ్ ఫుట్‌బాల్ చూసే మనవాళ్ళకి, ముఖ్యంగా పిల్లలు అక్కడ యూనివర్సిటీలో చేరాక ఆట కాస్త లోతుగా తెలుసుకుందాం అనుకునే పేరెంట్స్‌కి చెప్తున్నా. రన్ (బాల్ పట్టుకుని పరిగెత్తడం), పాస్ (బాల్ ముందుకి విసరడం) మధ్య బ్యాలెన్స్ నేర్పిస్తామని వీడియోలు, ఒక ఎక్సెల్ షీటు కలిపి 149 డాలర్లకి అమ్ముతున్నారు, దయచేసి తీసుకోకండి. నేను తీసుకున్నా, డబ్బులు పోయాయి, అంతకంటే బాధేంటంటే నేర్పించేదే తప్పు.

సగం రన్, సగం పాస్ ఉంటే అఫెన్స్ (బాల్‌తో దాడి చేసే టీమ్) బ్యాలెన్స్‌గా ఉన్నట్టే, కోర్సు మొత్తం ఇదే. బాక్స్ స్కోర్ (మ్యాచ్ అయ్యాక వచ్చే లెక్కల పట్టిక) నంబర్లు షీట్లో కొడితే మార్కులు వేస్తుంది. కానీ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో శాక్ అయితే, అంటే పాస్ విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని (పాస్‌లు విసిరే ఆటగాడు) డిఫెన్స్ పట్టి పడేస్తే, పోయిన గజాలు పాసింగ్‌లోంచి తీసేస్తారు, కాలేజ్‌లో అదే శాక్‌ని రన్ కింద రాస్తారు, ఈ ముక్క వాళ్ళ వీడియోల్లో ఎక్కడా లేదు. కోచ్ 40 పాస్‌లు, 30 రన్‌లు పిలిచాడనుకోండి, క్వార్టర్‌బ్యాక్ 5 సార్లు శాక్ అయ్యి ఇంకో 6 సార్లు ఎవరూ ఖాళీగా దొరక్క తనే పరిగెత్తాడనుకోండి, స్కోర్‌లో 29 పాస్‌లు 41 రన్‌లు అని పడుతుంది. పాస్ మీద ఆడిన టీమ్ కాస్తా రన్ టీమ్ అయిపోయింది! ఇక ఆర్‌పీఓ (రన్-పాస్ ఆప్షన్) సంగతి సరేసరి, బాల్ చేతికొచ్చాక ఒక డిఫెండర్ ఎటు కదిలాడో చూసి బాల్ రన్నర్‌కి ఇవ్వాలా విసరాలా అని క్వార్టర్‌బ్యాక్ అప్పటికప్పుడు తేల్చుకుంటాడు, కోచ్ పిలిచింది రెండూ, అది ఏ ఖాతాలో వేయాలి?

రన్ ఎక్కువ చేసినవాళ్ళే గెలుస్తారని ఒక గ్రాఫ్ కూడా చూపిస్తారు. లీడ్‌లో ఉన్నవాళ్ళు గడియారం కరిగించడానికి చివర్లో రన్ చేస్తారండీ, పాస్ మిస్సయితే గడియారం ఆగిపోతుంది కదా. గెలుస్తున్నారు కాబట్టి రన్ ఎక్కువైంది.

అసలు బ్యాలెన్స్ అంటే డిఫెన్స్‌ని ఒకవైపు మొగ్గనివ్వకపోవడం. రన్ ఆపడానికి ముందు ఎనిమిది మందిని పెడితే వాళ్ళ వెనకున్న ఖాళీలోకి పాస్ విసరగలగాలి, ఇద్దరు సేఫ్టీలు (అందరికంటే వెనక కాపలా కాసే డిఫెండర్లు) లోతుగా నిలబడితే రన్ చేసి శిక్షించగలగాలి. 2023 నవంబర్లో పెన్ స్టేట్ మీద మిషిగన్ వరసగా 32 రన్‌లు చేసింది, సెకండాఫ్‌లో లెక్కకొచ్చిన పాస్ ఒక్కటీ లేదు, 24-15తో గెలిచింది, ఆ సీజన్ ఛాంపియన్ కూడా వాళ్ళే. 2008లో కోచ్ మైక్ లీచ్ టీమ్ టెక్సస్ టెక్ ఎక్కువగా పాస్ మీదే ఆడి నంబర్ వన్ టెక్సస్‌ని 39-33తో ఓడించింది. ఈ షీటు రెండింటికీ ఫెయిల్ మార్కులే వేస్తుంది.

శాక్‌ల గురించి మెయిల్ పెడితే "మా పద్ధతి ప్రూవ్డ్" అని ఒకటే కాపీ పేస్ట్ జవాబు. మొదటి వీడియో ఓపెన్ చేశారు కాబట్టి రిఫండ్ లేదన్నారు, పైగా చెక్కౌట్‌లో ముందే టిక్ పెట్టి ఉన్న ఆటో రెన్యూవల్ నెలనెలా కార్డు గీకుతోంది. ఆల్రెడీ కొన్నవాళ్ళు ముందు అది క్యాన్సిల్ చేసి స్క్రీన్‌షాట్ దాచుకోండి, తర్వాత బ్యాంక్‌లో డిస్ప్యూట్ వేయండి, నేనూ వేశాను. ఇలాంటిది వేరే ఏదైనా కొనాలనుకుంటే శాక్‌ని ఎందులో లెక్కేస్తారో ముందే అడగండి, సూటిగా చెప్పకపోతే కార్డు బయటికి తీయకండి.