గుజిరీ అంగడి నుంచి తెచ్చిన ఇనప్పెట్టె బీగం: ఏళ్ల తరబడి వాడాక నా మాట

పాత ఇనప్పెట్టె కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పెట్టెను చూసి కొనొద్దు, బీగాన్ని చూసి కొనండి. పెట్టెకు రంగు ఎవరైనా వేస్తారు, చక్రాలు ఎవరైనా బిగిస్తారు. బీగం బాగుంటేనే అది ఇనప్పెట్టె, లేకపోతే బరువైన అల్మారా. మా అంగడి నగదు, ఇంటి దస్తావేజులు ఏళ్లుగా అలాంటి ఒక పెట్టెలోనే ఉంటున్నాయి.

చిత్తూరులో ఇవి దొరకడానికి కారణం బెల్లం మండీలు. రైతుకు రొక్కం లెక్కపెట్టి ఇచ్చే రోజుల్లో మండీకి ఒక పెట్టె తప్పనిసరి. ఇప్పుడు డబ్బు ఫోన్లలో తిరుగుతోంది. పెద్దాయన పోగానే పిల్లలు పెట్టెను కిలోల లెక్కన గుజిరీకి తోలేస్తున్నారు. నాదీ అలా వచ్చిందే. తయారు చేసిన కంపెనీ పేరుండే ఇత్తడి ప్లేటును ఎవరో ముందే ఊడబీక్కున్నారు. లోపల ఆరు లీవర్ల ఇత్తడి బీగం, దానికి డిటెక్టర్, అంటే ఎవరైనా కెలికితే పట్టిచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఆ డిటెక్టర్ కోసమే కొన్నాను.

లీవర్ బీగం గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. లోపల పలుచని ఇత్తడి రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, ఇవే లీవర్లు. ఒక్కో రేకులో ఒక్కో చోట గాడి ఉంటుంది. సరైన తాళంచెవి తిప్పితే అన్ని గాడులూ ఒకే వరుసలోకి వస్తాయి, గడియకున్న మొల వాటిలో దూరి గడియ కదులుతుంది. ఒక్క రేకు తక్కువ లేచినా, ఎక్కువ లేచినా కదలదు. ఎక్కువ లేచినా తెరుచుకోకూడదన్న ఆలోచన 1778లో ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ బారన్‌ది. ఆ ఎక్కువ లేవడాన్నే పట్టుకుని అదే దేశపు జెరెమయా చబ్ 1818లో డిటెక్టర్ బీగానికి పేటెంట్ తీసుకున్నాడు. తప్పుడు చెవితోనో కమ్మీతోనో కెలికి ఏ రేకునైనా మోతాదు మించి లేపితే, అది అక్కడే చిక్కుకుంటుంది. ఆ తర్వాత అసలు చెవి పెట్టినా తెరుచుకోదు. మొదట్లో దాన్ని విడిపించడానికి ఇంకో చెవి ఉండేది. 1824 నాటికి అసలు చెవినే వెనక్కి తిప్పితే విడిపోయేలా మార్చారు. నా పెట్టెలో ఉన్నది ఈ రెండో రకం.

దీని ఉపయోగం వాడితేనే తెలుస్తుంది. పండగలకు ఇల్లు నిండా చుట్టాలు వచ్చినప్పుడు ఏ పిల్లాడో అల్మారా చెవి తెచ్చి దీంట్లో దూర్చి ఆడుతుంటాడు. మరుసటి రోజు నా చెవి తిరగదు. వెనక్కి తిప్పితే టక్కుమని శబ్దం వస్తుంది, తర్వాత మామూలుగా తెరుచుకుంటుంది. ఎవరో చెయ్యి పెట్టారన్న సంగతి నాకు చేరిపోతుంది. ఎలక్ట్రానిక్ లాకర్లలో ఇలాంటి కబురు కోసం బ్యాటరీ, స్క్రీను, మెమరీ కావాలి. ఇక్కడ ఒక ఇత్తడి రేకు, ఒక స్ప్రింగు చాలు.

అలాగని దీన్ని ఎవరూ తెరవలేరని అనుకోవద్దు. 1851లో లండన్ ప్రదర్శనకు వచ్చిన అమెరికన్ బీగాల మేస్త్రీ ఆల్ఫ్రెడ్ హాబ్స్ చబ్ డిటెక్టర్ బీగాన్ని 25 నిమిషాల్లో తెరిచాడు. ఆ తర్వాత ఎవరూ తెరవలేరని పేరున్న బ్రామా అనే ఇంకో రకం బీగాన్ని 16 రోజుల్లో మొత్తం 51 గంటలు కూర్చుని తెరిచాడు. ఈ రోజుల్లో దొంగకు అంత ఓపిక ఎందుకు, గ్రైండర్ ఉంటే సరిపోతుంది. కాబట్టి కిలో బంగారం దాచుకోవడానికైతే బ్యాంకుకు వెళ్లండి.

ఇక బాగుచేయడం గురించి. ఎక్కువ చెప్పాల్సింది ఇక్కడే.

మన పక్క ఇనప్పెట్టె అంటే లక్ష్మీదేవి. శుక్రవారం శుక్రవారం పసుపు, కుంకుమ, ఆయుధపూజకు గంధం, పైన సాంబ్రాణి పొగ. చెవి బిగుసుకున్నప్పుడల్లా చుక్క కొబ్బరినూనె. ఇవన్నీ ఎన్నో ఏళ్లు చెవి రంధ్రంలోకి దిగాక లోపల ఏముంటుంది? నా బీగం మూత విప్పితే లీవర్ల మధ్య ఎర్రటి జిగురు, పాత బెల్లంపాకంలా సాగింది. గుజిరీకి వచ్చే పెట్టెల్లో 'బీగం పోయింది' అనేవి చాలావరకు ఇవే. బీగం పోలేదు, గొంతు పూడింది. పూజ మానమని చెప్పను. బొట్టు తలుపు మీద, రంధ్రానికి జానెడు దూరంలో పెడితే చాలు.

ఆ జిగురుకు పెయింటు అంగళ్లలో దొరికే టర్పెంటైన్ చక్కగా పనిచేస్తుంది. లీవర్లను విప్పేటప్పుడు ఏది ముందు, ఏది తర్వాత అని ఫోటోలు తీసి, అదే వరుసలో తీగకు గుచ్చుకోవాలి. ఒక రాత్రి నాననిచ్చి, మెత్తటి బ్రష్షుతో తుడిచి ఆరబెట్టాలి. అంతకు మించి ముట్టుకోకూడదు. ఇంట్లో ఆడవాళ్లు ఇత్తడి బిందెల్లాగే మెరవాలని చింతపండు తెచ్చిస్తారు. బయటి ప్లేటుకైతే సరే, లీవర్లకు వద్దు. ఆ పులుపు ఇత్తడిని తింటుంది. పాలిష్ పేస్టు కూడా అంతే, గాడుల అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. బీగానికి ప్రాణమే ఆ అంచులు. లోపల నల్లగా ఉంటే నష్టమేమీ లేదు.

తుప్పు పట్టిన ఉక్కు ముక్కలకు చాకలిసోడా నీళ్లలో కరెంటు పెట్టి తుప్పు వదిలించే పద్ధతి బాగుంటుంది, కానీ స్ప్రింగులను అందులో వేయకండి. హైడ్రోజన్ ఎక్కి పెళుసుబారి, తర్వాత ఎప్పుడో పుటుక్కుమంటాయి. బిగించేటప్పుడు గడియ జారే చోట కుట్టుమిషన్ నూనె పలుచగా పూయాలి. లీవర్ల మధ్య నూనె అసలు వద్దు, కాస్త గ్రాఫైట్ పొడి చాలు.

చెవి విషయంలో మాత్రం సొంత తెలివికి పోకుండా బీగాలు రిపేరు చేసే ఒక భాయ్ దగ్గరకు వెళ్లాను. పాత చెవిని చూసి ఇంకోటి చేసివ్వమన్నాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఇది అరిగిపోయుండాది అన్నా. దీన్ని చూసి కోస్తే అది పుట్టేటప్పుడే ముసిల్దయి పుడతాది. బీగమే ఎత్తుకోని రా" అన్నాడు. ఒక్కో లీవర్ ఎంత లేస్తే గాడి వరుసలోకి వస్తుందో కొలుచుకుని, ఆ కొలతకు కొత్త చెవి మెట్లు ఆకురాయితో అరగదీశాడు. చెవి కుదరకపోతే చెవినే అరగదీయాలి తప్ప లీవర్లను కాదు. లీవర్లకు ఆకురాయి తగిలించే మేస్త్రీ దగ్గర బీగం వదలకండి. కొత్త చెవి వచ్చాక డిటెక్టర్ ఊరికే పడటం ఆగిపోయింది. అంతకుముందు ఇంట్లో ఎవరూ కెలకకపోయినా అప్పుడప్పుడు పడుతుండేది.

ఇన్నేళ్లలో చిరాకు పెట్టినవీ ఉన్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలకు గడియ కడ్డీల మీద సన్నటి తుప్పు లేస్తుంది, ఏటా తుడిచి నూనె రాయాల్సిందే. చెవి పొడుగు, బరువు, జేబులో పట్టదు. అర్జెంటుగా తెరవాలంటే కుదరదు, విసురుగా తిప్పితే డిటెక్టర్ అలిగి కూర్చుంటుంది. మా ఆవిడకు దీంతో ఇప్పటికీ పడదు. పెట్టె బరువు ఎక్కువ కాబట్టి పైఅంతస్తులో ఉండేవాళ్లు ఇంజనీరును అడక్కుండా తెచ్చుకోవద్దు.

రెండు జాగ్రత్తలు కూడా. బీగం బిగించాక తలుపు తెరిచే ఉంచి, గడియను చాలాసార్లు వేసి తీసి చూసుకున్నాకే తలుపు మూయాలి. ఇంకోటి, పాత పెట్టెల గోడల మధ్య ఏదో నింపి ఉంటుంది. కొన్నిట్లో పటిక ఉంటుంది, మంట తగిలితే అందులోని నీరు ఆవిరై కాగితాలను కాపాడుతుంది. కానీ అదే పటిక చెమ్మకు లోపలి రేకును తినేస్తుంది. కొన్నిట్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. గోడలకు డ్రిల్లింగ్ జోలికి వెళ్లొద్దు.

కొనేటప్పుడు పేరు కోసం పాకులాడకండి. 1897లో బొంబాయిలో బీగాలతోనే మొదలైన గోద్రెజ్ వారి పాత పెట్టెలకు ఇప్పుడు గిరాకీ ఎక్కువ, ధర కూడా అలాగే చెబుతున్నారు. పేరు లేని పెట్టెలో మంచి లీవర్ బీగం దొరికితే వదలొద్దు. తలుపు తీయించి, గడియ వేసి చూడండి. చెవి లేకపోతే నేనైతే ఇనుము రేటుకు మించి పైసా ఇవ్వను. బీగం దగ్గర గ్యాస్ కటింగ్ పెట్టిన తలుపైతే ఊరికే ఇచ్చినా తెచ్చుకోను, ఆ వేడికి లోపలి స్ప్రింగులు మెత్తబడిపోయి ఉంటాయి.