యాంటెన్నా పైపులు కొనేముందు కాటా వేయించుకోండి సామీ

తిరుపతి, చిత్తూరు పక్క మన హామ్స్ (లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు) ఎవరన్నా 40 మీటర్ల బ్యాండుకి నిలువు యాంటెన్నా కట్టుకుందామని చూస్తుంటే ఇది చదివినాకే డబ్బులు తీయండి. నాకు 14,500 పోయింది. అమ్మినాయన పేరు రాయను, నాకెందుకొచ్చిన గొడవ, కానీ ఆయన చెప్పిన మాటలు రాస్తా, రేపు మీకూ అవే మాటలు వినపడితే గుర్తుపట్టేస్తారు.

"తాళ్ళు కట్టే పనే లేదు సార్, పాతితే నిలబడిపోతది, రేడియల్స్ కూడా అక్కర్లా. పైపు 6061-టీ6, మందం 3 ఎంఎం, విమానాలకి వాడే సరుకు." (తాళ్ళంటే యాంటెన్నా పడకుండా పక్కలకి లాగి కట్టేవి, రేడియల్స్ అంటే దాని అడుగు నుంచి చుట్టూ నేల మీద పరిచే తీగలు, 6061-టీ6 అంటే గట్టి అల్యూమినియం రకం.) పైగా గాదంకిలో ఉండే వాతావరణ పరిశోధన రాడార్‌కి కూడా మా పైపులే అన్నాడు. అక్కడ ఉండే 1024 యాగీ యాంటెన్నాలు 1990ల మొదట్లోనే నిలబెట్టినారు, ఈయన షాపు తెరిచి రెండేళ్ళు కూడా కాలేదు. అప్పుడే లేచి వచ్చేసుండాల్సింది, ఆశ కదా, రాలేదు.

మాది చంద్రగిరి దగ్గర 5 సెంట్ల ఇల్లు. 40 మీటర్లకి డైపోల్ (అడ్డంగా కట్టే తీగ యాంటెన్నా) వేయాలంటే 66 అడుగులు కావాల, మా స్థలంలో యాడ వేసేది. నిలువుదైతే 234ని ఫ్రీక్వెన్సీతో, అంటే 7.1 మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే 33 అడుగులు, పెరట్లో ఒక మూల చాలు. అందుకే జనవరిలో కిట్ తెచ్చుకుని మూడడుగుల గుంత తీసి జీఐ పైపు కాంక్రీటులో పాతి, మధ్యలో పీవీసీ తొడుగేసి, క్లాంపులు బిగించి నిలబెట్టినా. అడుగున 50 ఎంఎం పైపు, పైకి పోయేకొద్దీ సన్నం. చూడ్డానికి భలే ఉండింది, సంబరంగా ఫోటో తీసి ఆయనకే పంపినా కూడా.

మొదటి తిప్పలు రేడియల్స్‌తో. ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ యాంటెన్నా నుంచి ఎంత వెనక్కొస్తాందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ రానట్టు) చూస్తే 1.1, ఆహా అనుకున్నా. కానీ 100 వాట్లు పెట్టి గంటసేపు అరిచినా బెంగళూరోళ్ళకి కూడా సరిగ్గా వినపళ్ళేదు. తర్వాత లెక్క చూసుకుంటే తెలిసింది, తరంగంలో పావు పొడుగుండే ఇట్లాంటి నిలువు యాంటెన్నాకి కింద నేల బాగుంటే ఇంపిడెన్స్ (కరెంటుకి అది చూపే అడ్డు) 36 ఓంల దగ్గర ఉండాల, రేడియో 50 ఓంలది కాబట్టి ఎస్‌డబ్ల్యూఆర్ 1.4 రావాల, నాకు 50కి దగ్గరగా వచ్చిందంటే మిగతా ఓంలన్నీ మట్టిలో నష్టమే, అంటే నేను పంపే పవర్‌తో పెరట్లో వానపాములకి చలి కాస్తా ఉన్నా. ఆ మాటకొస్తే డమ్మీ లోడ్‌కి (పవర్‌ని బయటికి పంపకుండా వేడి చేసి తినేసే టెస్టు పరికరం) కూడా ఎస్‌డబ్ల్యూఆర్ 1 వస్తాది కదా. మామూలు ఇంటి వైరింగు తీగతో 16 రేడియల్స్ నేల మీద పరిచినా, ఎస్‌డబ్ల్యూఆర్ 1.4కి పెరిగింది, ఎట్లా వినపడతాందో అవతలోళ్ళు చెప్పే రిపోర్టులు మాత్రం బాగుపడినాయి. కాబట్టి "రేడియల్స్ అక్కర్లా, మీటర్ చూడండి సార్ ఎంత బాగుందో" అంటే నమ్మొద్దు.

అసలు దెబ్బ మే నెలలో. సాయంత్రం మామిడికాయలు రాలే గాలి వస్తాది కదా మన పక్క, అట్లాంటిదే, పెద్ద తుఫానేం కాదు, పావుగంట కూడా లేదు. అడుగు పైపు సగంలో, అరటిచెట్టు నడుముకి విరిగినట్టు వంగిపోయి పక్కింటి అక్కవాళ్ళ వాటర్ ట్యాంకు మీద పడింది. మూత పగిలింది, అంతే, 900 కట్టినా. అదే రెండో పక్కకి పడుంటే వీధి కరెంటు తీగలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యాంటెన్నా ఎత్తుకన్నా ఎక్కువ దూరంలో తీగలుండాలని నాకు తెలుసు, తెలిసీ ఆ మూలే కలిసొచ్చిందని పాతినా, ఈ తప్పు మాత్రం నాదే.

పొద్దున విరిగిన చోట వర్నియర్ పెట్టి చూస్తే మందం 1.5 ఎంఎం! మరి కొన్నప్పుడు 3 ఎట్లా కనపడింది అంటే, రెండు చివర్లలో నాలుగంగుళాల ముక్క లోపల తొడిగి ఉన్నాడు. మనం కొలిచేది చివరే కదా. పై పైపు దూరే చోట బిగుతుగా ఉండింది కాబట్టి అనుమానం కూడా రాలేదు. మందం సగమైతే పైపు బలం కూడా దాదాపు సగం పోయినట్టే. వంచి సరిచేసి పాత ఇనుము కొట్టులో కాటా వేయిస్తే 12 అడుగుల పైపు 2 కిలోల 400 గ్రాములు కూడా తూగలేదు. 50 ఎంఎం, 3 ఎంఎం మందం పైపు మీటరుకి దాదాపు 1 కిలో 200 గ్రాములుండాల, అంటే 12 అడుగులకి 4 కిలోల 400 దగ్గర. కొట్టాయన నవ్వి "కొనేముందు రావాల సార్, అమ్మేముందు కాదు" అన్నాడు. నిజమే.

గ్రేడ్ సంగతి కంటితో తేలదు. కిటికీలకి వాడేది ఎక్కువగా 6063, అది చెడ్డదని కాదు, కానీ 6061-టీ6 అంత గట్టిది కాదు. కంపెనీ టెస్ట్ సర్టిఫికెట్ చూపించకుండా టీ6 అంటే ఆ ధర ఇవ్వొద్దు. పైపులోకి టార్చ్ వేసి చూడండి, చివర మెట్టు లాగా కనపడిందంటే తొడుగున్నట్టే. ఏ పైపైనా సరే మూడింట రెండొంతుల ఎత్తులో మూడు నైలాన్ తాళ్ళు కట్టుకోండి, నామోషీ ఏం లేదు.

ఫోన్ చేస్తే "గాలి దేవుడి చేతిలో ఉంటది సార్, నేనేం చేసేది" అన్నాడు. కాటా చీటీ ఫోటో పంపితే బ్లాక్ చేసినాడు. నిన్న మా ఫ్రెండు ఒక ప్రకటన పంపినాడు, "తాళ్ళు లేని యాంటెన్నా, సంతృప్తి చెందిన కస్టమర్ ఇంట్లో" అని, చూస్తే నేను జనవరిలో పంపిన ఫోటోనే. యాంటెన్నా వెనక బీరపాదు పందిరి, గోడ అవతల నీలం మూత ట్యాంకు కనపడితే అది మా ఇల్లే, ఆ మూత ఇప్పుడు లేదు.