ఒంగోలులో యాక్సిడెంట్ కేసులు చూసే ఒక లాయర్ గారి ఆఫీసు గురించి

టంగుటూరు దగ్గర హైవే దాటుతుంటే కారు గుద్ది మా పిన్నికి కాలు విరిగింది. ఆసుపత్రి వార్డులోకే ఒకతను వచ్చి, కేసు మేం చూసుకుంటాం, వచ్చిన దాంట్లో ముప్పై శాతం ఇవ్వండి చాలు అన్నాడు. దయచేసి అలాంటి వాళ్లకి సంతకాలు పెట్టకండి, పరిహారంలో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం లాయర్లకే కుదరదు.

మేం వెళ్లింది ఒంగోలు కోర్టు దగ్గర చిన్న ఆఫీసుకి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, ముందు 15100కి ఫోన్ చేసి కనుక్కోండి, నా ఫీజు సంగతి తర్వాత అన్నారాయన. అక్కడే నమ్మకం కుదిరింది. ఎఫ్ఐఆర్ కాపీ, వూండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి డాక్టర్ ఇచ్చే కాగితం), మందుల బిల్లులు ఒక్కటీ పారేయొద్దని, పిన్ని పాలమ్మి సంపాదించేది ఆగిపోయింది కాబట్టి అదీ నష్టం కిందకే వస్తుందని, పరిహారం కేసు వేయడానికి 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో ఆరు నెలల గడువు ఉంది కాబట్టి కట్టు విప్పేదాకా ఆగొద్దని ఓపిగ్గా విడమరిచి చెప్పారు. గుద్దిన బండి దొరక్కపోయినా తీవ్ర గాయానికి 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షలు ఇచ్చే పథకం ఉందట, హైవే పక్క ఊళ్లలో ఇది అందరికీ తెలియాలి!

సాయంత్రాలు జనం ఎక్కువ, ఫోన్ ఎత్తరు. పైగా ఆఫీసు మేడ మీద, లిఫ్ట్ లేదు, కాళ్లు విరిగినవాళ్లు వచ్చే చోట ఇది పెద్ద లోపమే. గుమాస్తా కిందికి దిగి ఆటోలోనే పిన్ని సంతకం తీసుకున్నాడు. కేసు నడుస్తోంది.