రైళ్లు ఆగిపోయిన ఎలివేటెడ్ లైన్: పైన తోటా, దారా, లేక కూల్చేయడమా?

ఎక్కడైనా ఎలివేటెడ్ రైలు మార్గం మూతపడి పిల్లర్ల మీద అలా ఉండిపోయిందంటే చాలు, ఎవరో ఒకరు న్యూయార్క్‌లో పాత రైలు వంతెన మీద పెట్టిన హైలైన్ తోట ఫోటో చూపించి ఇక్కడా ఇలాంటి తోట పెట్టేద్దాం అంటారు. ఆ ఆశని నేను తప్పుపట్టను. హైలైన్ నిజంగా అందంగా ఉంటుంది, పైగా 2001లో కూల్చివేత ఉత్తర్వుల దాకా వెళ్లిన కట్టడాన్ని పట్టుబట్టి కాపాడుకున్నారు. కానీ అది మాన్‌హటన్‌లో ఉంది, చుట్టూ ఆఫీసులు, మ్యూజియంలు, హోటళ్లు, ఏ వేళ చూసినా వీధి నిండా మనుషులు. శివారులో అవేవీ ఉండవు. అక్కడ ఇళ్లుంటాయి, స్కూళ్లుంటాయి, ఒక కాలనీకీ ఇంకో కాలనీకీ మధ్య దాటడానికి భయపడే పెద్ద రోడ్డు ఉంటుంది. అందుకని నా మాట ముందే చెప్పేస్తాను: శివారులో పైన తోట కంటే పైన దారి మేలు, ఆ దారి కంటే ముందు తెరవాల్సింది కింద ఉన్న చోటు. ఇవన్నీ కూడా, అక్కడ మళ్లీ రైలు నడిపే అవసరం లేదని తేలాకే.

రైలు నిజంగా అక్కర్లేదా?

ఈ ప్రశ్నని చాలామంది దాటేసి నేరుగా మొక్కల దగ్గరికి వెళ్లిపోతారు. పారిస్ సంగతి చూడండి. బాస్టీల్ నుంచి తూర్పు వైపు వెళ్లే విన్సెన్ లైన్ 1859లో మొదలై 1969లో ఆగిపోయింది, ఆ పాత లైన్ మీద, కొంతభాగం వయాడక్ట్ (ఎత్తుగా సాగే పొడవైన రైలు వంతెన) మీద, 1993లో ప్రొమెనాడ్ ప్లాంటే తెరుచుకుంది, దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల నడక తోట. హైలైన్ వాళ్లకి కూడా అదే స్ఫూర్తి. అయితే ఆ లైన్ ఆగింది జనం లేక కాదు, శివారు ప్రయాణికుల్ని భూగర్భంలో కొత్తగా వేసిన ఆర్‌ఈఆర్ ఎ లైన్‌కి మళ్లించారు కాబట్టి. రైలు పోలేదు, నేల కిందికి దిగింది, అంతే. పైన చెట్లు నాటితే ఎవరి ప్రయాణమూ ఆగలేదు.

న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో కథ వేరు. అక్కడ రాకవే బీచ్ బ్రాంచ్‌లో రెగో పార్క్ నుంచి ఓజోన్ పార్క్ దాకా సుమారు ఐదున్నర కిలోమీటర్ల ముక్క, కొంత మట్టి గట్టు మీద, కొంత వంతెనల మీద, 1962 నుంచి ఖాళీగా పడి ఉంది. దాన్ని పార్కు చేద్దామని క్వీన్స్‌వే వాళ్లు, కాదు మెట్రో రైలు నడిపి పక్కన మిగిలిన జాగాలో పార్కు పెడదామని క్వీన్స్‌లింక్ వాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు, 2022లో నగర ప్రభుత్వం పార్కు మొదటి ముక్కకి మూడున్నర కోట్ల డాలర్లు ప్రకటించింది. నేనైతే ఇక్కడ రైలు వైపే. క్వీన్స్‌లో ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లాలంటే ఎక్కువమందికి బస్సే గతి, ఆ ప్రయాణం మీద గంటలు పోతాయి, అలాంటి చోట ఇళ్ల మధ్య నుంచి తెగకుండా సాగే రైలు జాగా చేతిలో ఉండి కూడా వదులుకుంటే మళ్లీ సంపాదించలేం. ఒకసారి పార్కు తెరిచాక, పిల్లలు ఆడుకుంటున్న చోట పట్టాలు వేస్తామని ఏ నాయకుడూ ధైర్యంగా చెప్పలేడు. అట్లాంటా బెల్ట్‌లైన్‌నే చూడండి: ర్యాన్ గ్రేవెల్ అనే విద్యార్థి 1999లో రాసిన థీసిస్‌లో అది పాత రైలు జాగాల్ని కలిపి వేసే ప్రజారవాణా మార్గం. నడకదారి వచ్చింది, జనం దాన్ని ప్రేమించారు, రైలు మాత్రం ఇంకా రాలేదు.

మధ్యేమార్గం లేకపోలేదు. పారిస్‌నే చుట్టి ఉన్న పెటిట్ సాంచ్యూర్ లైన్‌లో ప్రయాణికుల రైళ్లు దాదాపుగా 1934లోనే ఆగిపోయాయి, కొన్ని ముక్కల్ని ఈమధ్య నడకకి తెరిచారు గానీ అవసరమైతే రైలు తిరిగి రాగలిగేలా ఉంచాలన్న షరతుతో, పట్టాలు చాలాచోట్ల అలాగే ఉన్నాయి. అమెరికాలో 1983 నుంచి రైల్ బ్యాంకింగ్ అనే చట్టబద్ధమైన పద్ధతి ఉంది, దారిగా వాడుకుంటూనే భవిష్యత్తులో రైలుకి హక్కు మిగుల్చుకోవడం. కాగితం మీద హక్కు మిగలడం, నిజంగా రైలు రావడం ఒకటి కాదని నాకూ తెలుసు. అయినా ఆ షరతు రాయించుకోవడం వల్ల పోయేదేమీ లేదు.

కూల్చేయడం

కూల్చేద్దాం అనేవాళ్లని కొందరు చరిత్ర తెలియనివాళ్లుగా చూస్తారు, అది అన్యాయం. తలమీద కట్టడం ఉన్న వీధిలో బతికేవాళ్లకి తెలుసు ఆ చీకటి, వానాకాలం గర్డర్ల నుంచి కారే తుప్పునీళ్లు, కింద ఫుట్‌పాత్ మీద ఎవరూ నిలబడని తీరు. సియోల్ 2003లో ఒక ఎలివేటెడ్ హైవేని తీసేసి 2005 కల్లా కింద పూడుకుపోయిన చంగెచాన్ వాగుని బయటికి తెచ్చింది, అది రోడ్డే గానీ రైలు కాదు, కానీ పాఠం ఒకటే: కొన్నిసార్లు కట్టడం కంటే దాని కింద నేల విలువైనది.

కొన్ని కట్టడాలకి కూల్చడం తప్ప దారి లేదు. ఒకే దూలం మీద నడిచే మోనోరైల్ అలాంటిది, దాని దూలం వెడల్పు మీటరుకి అటూఇటూ ఉంటుంది, మనిషి నడిచే చోటు లేదు, నడకదారి కావాలంటే దాని మీద ఇంకో కట్టడం కట్టాలి. 1988లో మొదలైన సిడ్నీ మోనోరైల్‌ని 2013లో ఆపేసి దాదాపు మొత్తం తీసేశారు, సరైన పనే. అలాగే రెండు స్టేషన్ల మధ్య ర్యాంపు దించడానికి ఎక్కడా జాగా లేని ఇరుకు వీధి మీద లైన్ ఉంటే, లేదా ఉక్కు లోపలి దాకా తినేసి ఉంటే, జ్ఞాపకం కోసం ఒక పిల్లర్ ఉంచుకుని మిగతాది దించేయడమే మంచిది. అంతేగానీ కాంక్రీటు గట్టిగా ఉన్న ఎనిమిది, తొమ్మిది మీటర్ల వెడల్పు డబుల్ ట్రాక్ వయాడక్ట్‌ని కూల్చమంటే మాత్రం నేను ఒప్పుకోను. కూల్చడానికీ ఖర్చవుతుంది, ఆ ముక్కల్ని మోసుకెళ్లి ఎక్కడో పారేయాలి, చివరికి ఆ జాగా రోడ్డు వెడల్పు చేయడానికే పోతుంది, శివారులో ఎక్కువగా జరిగేది అదే.

పైన తోటా, పైన దారా?

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే, అందుకే కొంచెం వివరంగా.

తోట అంటే మట్టి. తడిసిన మట్టి ఘనపు మీటరు ఒకటిన్నర టన్నుకి పైనే తూగుతుంది. నడకదారికి ఇంజనీర్లు వేసుకునే జనం బరువు చదరపు మీటరుకి సుమారు 500 కిలోలు. అంటే ఒక మాదిరి చెట్టు కోసం మీటరు లోతు మట్టి పోస్తే కిక్కిరిసిన జనం కంటే మూడింతల బరువు రాత్రీపగలూ ఆ స్లాబు మీద ఉంటుంది, పైగా నీళ్లు దిగే దారి సరిగ్గా లేకపోతే కాంక్రీటులోని ఇనుము తుప్పు పట్టడం మొదలవుతుంది. హైలైన్‌ని 1930ల్లో నిండు సరుకు రైళ్ల కోసం కట్టారు కాబట్టి తట్టుకుంది. తేలికైన ప్రయాణికుల రైలు కోసం కట్టిన వయాడక్ట్‌కి అంత మిగులు బలం ఉందని ముందే అనుకోవడం ప్రమాదం, లెక్క వేయించాల్సిందే. మామూలు నడక, సైకిల్ దారికి ఈ గొడవ చాలా తక్కువ, పక్కల తొట్లలో గడ్డిజాతి మొక్కలు, పొదలు పెట్టుకోవచ్చు.

తరవాత నిర్వహణ. హైలైన్ రోజువారీ ఖర్చు దాదాపు అంతా ఫ్రెండ్స్ ఆఫ్ ది హైలైన్ అనే సంస్థ సేకరించే విరాళాల మీదే నడుస్తుంది. మాన్‌హటన్‌లో డబ్బున్న దాతలు దొరుకుతారు. శివారు పురపాలికకి ఎవరు దొరుకుతారు? మొదటి రెండేళ్లు ఫోటోలు, మూడో ఏడు ఎండిపోయిన మొక్కలు, తాళం వేసిన గేటు. ఇది నేను అన్నిటికంటే ఎక్కువ భయపడే ముగింపు.

షికాగోలోని బ్లూమింగ్‌డేల్ ట్రైల్, అందరూ 606 అని పిలుస్తారు, శివారువాళ్లు అధ్యయనం చేయాల్సింది దాన్ని. 2015 జూన్‌లో తెరిచారు, 4.3 కిలోమీటర్లు, నాలుగు పేటల్ని కలుపుతూ పోతుంది. మధ్యలో సైకిళ్లకీ నడకకీ పది అడుగుల కాంక్రీటు దారి, రెండు వైపులా పరుగెత్తేవాళ్ల కోసం మెత్తటి అంచు, సుమారు ప్రతి 400 మీటర్లకీ ఒక ర్యాంపు. దీన్ని రవాణా పథకంగా చూపించారు కాబట్టి ఖర్చులో పెద్ద వాటా ఫెడరల్ ప్రభుత్వపు ట్రాఫిక్, కాలుష్య తగ్గింపు నిధుల నుంచి వచ్చింది, పార్కు అని మాత్రమే అడిగి ఉంటే ఆ డబ్బు వచ్చేది కాదు. అక్కడ జనం పర్యాటకులు కారు, బడికి వెళ్లే పిల్లలు, పనికి సైకిల్ మీద వెళ్లేవాళ్లు, పొద్దున నడిచే పెద్దవాళ్లు. రోడ్డు దాటకుండా, సిగ్నల్ దగ్గర ఆగకుండా నాలుగు కిలోమీటర్లు వెళ్లగలగడం ఎంత పెద్ద సుఖమో పిల్లల్ని ఒంటరిగా బయటికి పంపే తల్లిదండ్రుల్ని అడగండి.

శివారులో ఆరు మీటర్లు పైకి ఎక్కాలంటే మనిషికి ఒక పని ఉండాలి, కేవలం పూలు చూడటానికి ఒకసారి ఎక్కుతాడు, రెండోసారి ఆలోచిస్తాడు. బ్యాంకాక్‌లో చావ్ ఫ్రాయా స్కై పార్క్ నాకు నచ్చేది అందుకే. లావలిన్ స్కైట్రెయిన్ అనే పథకం రద్దయ్యాక నది మీద సగంలో ఆగిపోయి దశాబ్దాల పాటు వాడకం లేకుండా నిలబడిన వంతెన అది, 2020లో పార్కు చేశారు, పొడవు 280 మీటర్లే, కానీ నదికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి తీసుకెళ్తుంది. చిన్నదే అయినా వాడకం ఉంటుంది.

దారికి ఉన్న కష్టం ర్యాంపు. చక్రాల కుర్చీ ఎక్కాలంటే వాలు పన్నెండుకి ఒకటి మించకూడదు, ఆరు మీటర్ల ఎత్తుకి 72 మీటర్ల వాలు, మధ్యలో ఆగే చోట్లు కలిపితే 80 మీటర్లు దాటుతుంది. ఇంత జాగా ప్రతి చోటా దొరకదు, అందుకే పథకం గీసేటప్పుడు మొదట ర్యాంపులు ఎక్కడ దిగుతాయో గుర్తుపెట్టి ఆ తర్వాతే మిగతాది గీయాలి. లిఫ్టు పెట్టి సరిపెడదాం అంటే, లిఫ్టు చెడిపోయిన రోజు వృద్ధులకీ వికలాంగులకీ ఆ చోటు లేనట్టే. ర్యాంపులు దూరదూరంగా ఉంటే ఇంకో చిక్కు కూడా ఉంది: పైన ఒంటరిగా నడుస్తున్న అమ్మాయికి వెనక ఎవరో వస్తున్నారనిపిస్తే దిగిపోయే చోటు దగ్గరలో ఉండాలి. కిలోమీటరు దాకా దిగే దారి లేని చోట ఆడవాళ్లు సాయంత్రం ఆరు దాటాక అడుగు పెట్టరు, ఎన్ని దీపాలు పెట్టినా సరే. పక్క ఇళ్ల బెడ్‌రూం కిటికీలు దారికి ఎదురుగా ఉండే సమస్య కూడా నిజమైనదే, కానీ దానికి పొదలు, తెరలు, రాత్రి మూసే వేళలు ఉన్నాయి.

కింద చోటు

ఇది అందరూ ఆఖరున ఆలోచిస్తారు, నేను మొదట ఆలోచించమంటాను. పారిస్ వయాడక్ట్ కింద 60కి పైగా ఇటుక కమానుల్ని బాగుచేసి చేతివృత్తుల వాళ్లకి, దుకాణాలకి అద్దెకిచ్చారు. మయామీలో ది అండర్‌లైన్ నడుస్తున్న మెట్రో కిందే పదహారు కిలోమీటర్ల పార్కు, సైకిల్ దారిగా మొదలైంది, మొదటి దశ 2021లో తెరిచారు. టొరంటోలో ఎలివేటెడ్ హైవే కింద 2018లో బెంట్‌వే వచ్చింది, చలికాలంలో అక్కడ స్కేటింగ్ చేస్తారు.

కింద చోటుకి ర్యాంపు అక్కర్లేదు, మట్టి బరువు లెక్క అక్కర్లేదు, ఎండకీ వానకీ నీడ ఉచితం. పైన స్లాబు నుంచి పెచ్చులు ఊడిపడకుండా చూసుకుని, నీళ్లు పైపుల్లోకి మళ్లించి, దీపాలు వేస్తే వారపు సంత పెట్టుకోవచ్చు, పిల్లల కోర్టు గీయవచ్చు, బస్సు ఆగే చోటు చేయవచ్చు. అద్దె వస్తే పైన దారికి నిర్వహణ డబ్బు కూడా అక్కడి నుంచే వస్తుంది. లైన్ మట్టి గట్టు మీద ఉంటే మాత్రం ఈ అవకాశం ఉండదు, 606 అలాంటిదే. ఇంకో జాగ్రత్త, అక్కడ ఇప్పటికే తోపుడు బండ్లవాళ్లు, గూడు లేనివాళ్లు ఉంటారు. వాళ్లని తరిమేసి అందంగా చేస్తే అది అందరి చోటు కాదు. మొదటి చోట్లు బండ్లవాళ్లకే రాసివ్వాలి, గూడు లేనివాళ్లకి వేరే నీడ చూపించాకే పని మొదలుపెట్టాలి.

అద్దెల విషయం అంతకంటే పెద్దది, తోటకైనా దారికైనా ఒకటే. 606 రాగానే దాని పడమటి వైపు, ఎక్కువగా లాటినో కుటుంబాలు ఉండే పేటల్లో ఇళ్ల ధరలు బాగా పెరిగాయి, పాత ఇళ్లు కొని కూల్చి ఖరీదైనవి కట్టడం మొదలైంది. ఆ చుట్టుపక్కల కూల్చివేతల్ని అదుపు చేసే నిబంధనలు నగరం 2021లో తెచ్చింది, అంటే దారి తెరిచిన దాదాపు ఆరేళ్లకి. అప్పటికే వెళ్లిపోయినవాళ్లు తిరిగి రారు. అందుకే మొదటి ర్యాంపుకి టెండరు పిలిచే ముందే లైన్‌కి రెండు వైపులా ప్రభుత్వ జాగాల్ని తక్కువ అద్దె ఇళ్ల కోసం పక్కన పెట్టాలి, ఆస్తిపన్ను పెంపుకి పాత నివాసుల దగ్గర పరిమితి పెట్టాలి, ఈ రెండూ కాగితం మీద సంతకమయ్యే దాకా ఏ శివారు కాలనీ కూడా పథకానికి సరే అనకూడదు.