పెద్ద అక్షరాల తెలుగు రిఫరెన్సు బైబిలు: కృప విషయంలో ఎంతవరకు దారి చూపుతుంది?

ఒడిశాలోని రాయగడలో ఉన్న మా తెలుగు సహవాసం కుటుంబ ప్రార్థనల్లో వాడుతున్న పెద్ద అక్షరాల రిఫరెన్సు బైబిలు గురించి రాస్తున్నాను. అట్ట గట్టిది, కాగితం మాత్రం పల్చన; వెనక పుటలోని అక్షరాలు కనబడతాయి. ఒడియా బడుల్లో చదువుకొని తెలుగును కూడబలుక్కుంటూ చదివే మా పిల్లలకు ఈ అక్షరాల సైజు బాగా ఉపయోగపడుతోంది. అయితే నేను దీన్ని ముఖ్యంగా ఒక్క ప్రశ్నతో పరిశీలించాను. దేవుని కృప మన క్రియలకు దక్కే కూలి కాదనీ, ఆయన ఉచితంగా అనుగ్రహించే వరమనీ తెలుసుకోవడానికి ఇందులోని పక్కవచనాలు, అంటే ఒక వచనం పక్కన సూచించిన సంబంధిత వచనాలు, చదువరికి తోడ్పడతాయా?

తోడ్పడతాయి. రక్షణ కృపచేతనే గాని క్రియలవలన కాదని చెప్పే ఎఫెసీయులకు 2:8, 9 పక్కన రోమా 3:24, తీతు 3:5 సూచించారు. రోమా 4:4కు వెళితే, పనిచేసినవానికిచ్చే జీతం బాకీయే గాని దానం కాదన్న పౌలు వాదం ఉంది. అక్కడినుండి మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట పనివారి ఉపమానానికి వెళ్లవచ్చు. పొద్దున చేరినవారికీ, సాయంత్రం అయిదు గంటలకు చేరినవారికీ యజమాని ఒకే దేనారం, అంటే ఒక రోజు కూలిగా ఇచ్చే నాణెం, ఇస్తాడు. పొద్దున్నే కూలీల అడ్డాలో నిలబడే మావాళ్లకు ముందు వచ్చినవారి సణుగుడు న్యాయంగానే తోస్తుంది కాబట్టి, "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా" అన్న యజమాని మాట దగ్గర చర్చ చాలాసేపు సాగింది. చివర వచ్చినవాడు సోమరి కాడు, ఎవరూ పనికి పిలవక నిలబడిపోయినవాడని ఒక పెద్దాయన ఏడో వచనం చూపించి చెప్పిన మాట నాకు ఎంతో నచ్చింది.

1882లో జర్మనీ లూథరన్ మిషనరీలు వచ్చిన నాటినుండి ఈ బోధ కొరాపుట్ ప్రాంతపు సంఘాలకు తెలిసినదే. అయినా ఉపవాసాలూ దశమభాగాలూ (రాబడిలో దేవునికిచ్చే పదో వంతు) లెక్కవేసుకొని దేవుడు తమకు బాకీపడ్డాడని భావించేవారు ఉన్నారు. అంతకన్నా బాధాకరంగా, బిడ్డ జబ్బుపడితే తమ ప్రార్థన చాలలేదని కుమిలిపోయే తల్లులున్నారు. అలాంటివారి చేతికి ఇవ్వదగిన పుస్తకం కనుకనే ఇందులోని లోపాన్ని ఉపేక్షించలేను. క్రియలు లేని విశ్వాసం మృతమన్న యాకోబు 2:26 దగ్గర పుట అడుగున ఒక్క వివరణ కూడా లేదు. ఎఫెసీయులకు 2:10ని సైతం అక్కడ సూచించలేదు. సత్‌క్రియలు రక్షణకు చెల్లించే వెల కావనీ, రక్షింపబడినవారు నడుచుకొనేందుకు దేవుడు ముందుగా సిద్ధపరచినవనీ ఆ వచనమే స్పష్టంగా చెబుతుంది. ఆ ఒక్క సూచన ఉంటే, కృపను గ్రహించి ఊరట పొందిన మనిషి యాకోబు పత్రిక చదివి మళ్లీ భయపడే అవసరం ఉండదు.

కుటుంబ ప్రార్థనకూ, వయసు మళ్లినవారికీ దీన్ని నిస్సంకోచంగా కొనవచ్చు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారికి ఇచ్చేటట్లయితే యాకోబు రెండో అధ్యాయం అంచున ఎఫెసీయులకు 2:10 అని పెన్సిలుతో రాసి ఇవ్వండి.