నా పేచీ సీపాప్ నీళ్ల డబ్బాతోనే

సీపాప్ అంటే నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్క్ గుండా గాలిని ఒత్తిడితో పంపే మెషీన్. ఆ గాలికి ముక్కు ఎండిపోకుండా తడి కలిపేది దాని నీళ్ల డబ్బా. ప్రెషర్ ఎంత, మాస్క్ ఏ సైజు అన్నవి డాక్టర్లు చెప్తారు, వాటి జోలికి పోను. 2023 జనవరి నుంచి రోజూ వాడుతున్నా.

నాకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది, అంటే గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు. అర్ధరాత్రి దడతో లేచి కూర్చునేవాడిని. "నీ గురక మధ్యల ఆగిపోతాంది, నాకు భయమైతాంది" అని మా ఇంటామె అనేదాకా నిద్ర మీద నాకు అనుమానమే రాలేదు. నిద్ర పరీక్షలో ఊపిరి ఆగడమో తగ్గడమో గంటకు 34 సార్లని లెక్క వచ్చింది. 30 దాటితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు. ఊపిరి ఆగిన ప్రతిసారీ ఆక్సిజన్ పడిపోతుంది, గుండె పై గదుల మీద లాగుడు పడుతుంది. లయ తప్పడానికి అదీ ఒక దారేనట.

ఆ జులైలో వరంగల్, హనుమకొండను ముంచిన వానలు గుర్తున్నాయి కదా. మా గల్లీలోకి నీళ్లు రాలేదు గానీ సాయంత్రమే కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉందన్న ధీమాతో మాస్క్ పెట్టుకుని పడుకున్నా. రాత్రి రెండు దాటాక ఇన్వర్టర్ కీచుకీచుమని ఆగిపోయింది, దాంతోపాటే మెషీన్. ఉక్కిరిబిక్కిరై మాస్క్ పీకేశా. మాస్క్‌కు గాలి రంధ్రాలుంటాయి నిజమే, నిద్రమత్తులో అవి ఎవరికి గుర్తుంటాయి? తెల్లారేదాకా కుర్చీలో కూర్చుని నాడి పట్టుకుని చూసుకున్నా. ఒక లెక్కన కొట్టుకుంటే ఒట్టు.

తర్వాత మెషీన్ చూడడానికి వచ్చిన అబ్బాయి, "నీళ్ల డబ్బా హీటర్ బంద్ చేయలేదా సార్? కరెంటు ఎక్కువ తాగేది అదే" అన్నాడు, చాలా మామూలుగా. అమ్మిన రోజే ఆ ఒక్క ముక్క చెప్తే ఏం పోయేది? ఇప్పుడు కరెంటు పోగానే హీటర్ ఆపేస్తా. ముక్కు ఎండిపోతుంది గానీ అదే బ్యాటరీ తెల్లారేదాకా వస్తోంది. డిసెంబర్ చలికి ఇంకో తంటా: పైపులో ఆవిరి నీరై గుడగుడమంటూ మొహం మీదికొస్తుంది. పైపును దుప్పట్లో పెట్టుకుంటే కొంత నయం.

మొదటి నెలలోనే దడ మాయమైందని కనబడ్డవాళ్లందరికీ చెప్పా. అదే నెలలో గోళీల డోసు మారింది, దావత్‌లలో మందు మానేశా, రాత్రి తొమ్మిదింటి చాయ్ కూడా. ఆ తర్వాత రెండుసార్లు దడ మళ్లీ వచ్చింది కూడా. పొద్దున తలనొప్పి లేకుండా లేవడం మాత్రం మెషీన్ పుణ్యమే అనుకుంటా.

నాకు ఇన్వర్టర్ ఉంది, బోరు నీళ్ల తెల్లపొర పట్టకుండా డబ్బా కడిగే ఇంటామె ఉంది. ఊళ్లో ఒంటరిగా ఉండే మా అన్నదీ ఇదే గురక. ముందు నిద్ర పరీక్షకు రమ్మని పిలుస్తున్నా. మెషీన్ మాటెత్తితే "మా ఊరి కరెంటు సంగతి నీకు ఎరుకే కదరా" అంటాడు, నా దగ్గర జవాబు లేదు.