విదేశీ ఫీజు కట్టే తల్లిదండ్రులకు హెచ్చరిక: విదేశీ చెల్లింపుల్లో బ్యాంకును గుర్తించే స్విఫ్ట్ కోడ్‌ను మీరే సరిచూసుకోండి

మా అమ్మాయి ఆస్ట్రేలియా చదువు కోసం పంపిన మొదటి విడత ఫీజు నిన్న సాయంత్రం మా ఖాతాకు తిరిగి వచ్చింది. పంపింది 15,000 ఆస్ట్రేలియా డాలర్లు, వచ్చింది 14,950. పంపిన రోజున డాలరుకు 58 రూపాయలు తీసుకున్న బ్యాంకు, తిరిగి వచ్చినప్పుడు 56 చొప్పునే లెక్కగట్టింది. మొత్తం 32,800 రూపాయలు నష్టపోయాము; పంతొమ్మిది రోజులు వృథా అయ్యాయి.

డబ్బు పంపే పని కూడా తామే చూస్తామని అమీర్‌పేటలోని కన్సల్టెన్సీ వారు అదనంగా 5,000 తీసుకొని, ఫారం వారే నింపారు. చదవకుండా సంతకం చేయడం నా తప్పే.

బ్యాంకు ఇచ్చిన స్విఫ్ట్ కాపీలో (విదేశానికి పంపిన చెల్లింపు సందేశం నకలు) డబ్బు అందుకునే ఖాతా ఉన్న బ్యాంకును చూపే 57ఏ వరుసను, యూనివర్సిటీ ఇన్‌వాయిస్‌ను పక్కపక్కన పెట్టి చూశాక విషయం బయటపడింది. స్విఫ్ట్ కోడ్‌లో మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకును, తరువాతి రెండు దేశాన్ని, ఆపై రెండు ప్రాంతాన్ని, చివర మూడు ఉంటే అవి శాఖను తెలుపుతాయి. రెండు కాగితాల మీదా దేశం అక్షరాలు ఏయూ అనే ఉన్నాయి గాని, మొదటి నాలుగు అక్షరాలు వేరొక బ్యాంకువి.

ఆ నాలుగు అక్షరాల మీద వేలు పెట్టి చూపిస్తే, కన్సల్టెన్సీలోని కౌన్సెలర్ ఫోను నుంచి తల ఎత్తకుండానే, "పాత స్టూడెంట్ ఫారం మీద ఖాతా నంబరు మార్చాం అంకుల్, కోడ్ మార్చడం మర్చిపోయినట్టున్నారు. అయినా సంతకం మీదే కదా, చూసుకోవాల్సింది మీరే" అన్నది. కనీసం క్షమించమనే మాటైనా రాలేదు. ఫీజు అందితే గాని సీఓఈ (యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ ధ్రువపత్రం) రాదు, అది లేనిదే వీసా లేదు. పక్కన నిలబడి ఇదంతా విన్న మా అమ్మాయి ముఖం నేను మరిచిపోలేకపోతున్నాను. ఆ నంబరు ఖాతా ఆ బ్యాంకులో లేదు కాబట్టి డబ్బు వెనక్కు వచ్చింది. ఉండి ఉంటే ఎవరి చేతిలో పడేదో ఊహించడానికే భయంగా ఉంది.

ఈరోజు ఉదయం నేనే బ్యాంకుకు వెళ్లి, ఒక్కొక్క అక్షరం చదివించుకొని మళ్లీ పంపాను. మీరు పంపేటప్పుడు కోడ్‌ను యూనివర్సిటీ ఇన్‌వాయిస్ నుంచి మాత్రమే తీసుకోండి. మన ఐఎఫ్‌ఎస్‌సీకి కూడా పదకొండు అక్షరాలే కాబట్టి రెంటినీ కలగాపులగం చేసుకోకండి. దానిలో ఐదవది ఎప్పుడూ సున్నా. స్విఫ్ట్ కాపీని ఆ రోజే అడిగి తీసుకోండి.